వాళ్ళ చావుకు మా మైల

మా స్టాఫ్ రూములో ఎవరైనా కొత్తగా చేరితే, వారం తిరక్కముందే నా దగ్గరికి వచ్చి ఒకటే ప్రశ్న అడుగుతారు.

"మేడం, ఆయన మీకు చుట్టమంట గదా?"

ఆయనంటే ఎవరో చెప్పక్కర్లేదు. మొన్నమొన్నటిదాకా హీరో చేతిలో తన్నులు తిని, ఇప్పుడు అదే హీరోకి తండ్రి వేషం కట్టి కళ్ళు ఒత్తుకుంటున్న పెద్ద నటుడు. మా నాయనకు సొంత చిన్నాయన కొడుకు. వరసకు నాకు చిన్నాయన. అవునంటాను. "అయితే మీరు హైదరాబాదు పోతా ఉంటారా?" అంటారు. లేదంటాను. "వాళ్ళు ఈ పక్కకు వస్తారా?" రారంటాను. అక్కడితో వాళ్ళ ముఖంలో అనుమానం మొదలవుతుంది. ఈమె కోతలు కోస్తోందేమోనని. నిజం చెప్పి దొంగలాగా నిలబడటం ఎట్లా ఉంటుందో నాకు ఆ ప్రశ్న వల్లనే బాగా తెలిసింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే "ఎవరో అట్లా అంటుంటారు లెండి" అని విజిల్ మెడలో వేసుకుని గ్రౌండుకు వెళ్ళిపోతాను.

నేను ఆత్మకూరులో ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామ టీచర్ని. కబడ్డీ నేర్పుతాను. ఒకప్పుడు ఆడేదాన్ని కూడా. ఎంత బాగా ఆడేదాన్నో చెప్పుకోవడానికి నా దగ్గర పెద్ద పతకాలేమీ లేవు. ఎందుకు లేవో చెప్పాలంటే మళ్ళీ ఆ సినిమా ఇంటి దగ్గరికే పోవాలి. నా బతుకులో నాకు చిరాకు కలిగించే విషయం ఇదే. నా కథ చెప్పుకోవాలన్నా ఆయన దారిచ్చి పక్కకు జరగడు.

మాది ఉదయగిరి నుంచి దుత్తలూరు పోయే దారిలో, కొండ కింద పల్లె. గొర్రెలు మాకు ఆస్తి. తాతకు ఒక తమ్ముడు ఉండేవాడు. గొర్రెల వెంట తిరగడం ఆయనకు నచ్చలేదు. కుర్రతనంలోనే మద్రాసు వెళ్ళి, సినిమా కంపెనీలో కారు తోలే పనికి కుదిరాడు. ఆయన కొడుకు అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, ఫైటర్ల గుంపులో చేరి, గుంపులోంచి ముందు వరసకు వచ్చి, చివరికి పోస్టర్ మీదకు ఎక్కాడు. మా ఇంట్లో ఆయన్ని 'మద్రాసు చిన్నాయన' అనేవాళ్ళం. తర్వాత వాళ్ళు హైదరాబాదుకు మారిపోయినా మా వాళ్ళ నోట్లో మద్రాసు మారలేదు.

ఆయన మా ఊరికి రావడం నేను ఒక్కసారే చూశాను. ఉదయగిరి దుర్గం మీద ఏదో సినిమా తీయాలని చూడటానికి వచ్చి, ఆ దారిన మా ఇంటి ముందు కారు ఆపించాడు. ఊరంతా విరగబడింది. నాయన నులకమంచం మీద కొత్త దుప్పటి పరిచాడు. ఆయన కూర్చోలేదు. అమ్మ ఇచ్చిన మజ్జిగ సగం తాగి, గ్లాసు గోడ మీద పెట్టి, జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మా ఇంటి వెనకే దొడ్డి. గొర్రెల వాసన మాకు తెలియదు, వచ్చినవాళ్ళకు తెలుస్తుంది. కారు వెళ్ళిపోయాక నాయన అందరితో, "తమ్ముడికి పాపం జలుబు చేసినట్టు ఉండాది" అన్నాడు. ఆ మాట ఆయన నమ్మి అన్నాడో, మమ్మల్ని నమ్మించడానికి అన్నాడో అప్పుడు నాకు ఆలోచించే వయసు లేదు. నాయనకు ఆ ఇంటి మీద ఎంత పిచ్చి అంటే, వాళ్ళు మమ్మల్ని తిట్టినా మా ఊసు ఎత్తినందుకు సంతోషపడేవాడు.

మా అవ్వది ఇంకో రకం. ఆమెకు సినిమా అంటే మరిది కొడుకు ఏం చేస్తున్నాడో చూసి రావడం. ఉదయగిరి టాకీసులో ఆయన సినిమా పడితే మొదటి ఆటకే పోయేవాళ్ళం. అప్పట్లో ఆయన వేసేవన్నీ విలన్ వేషాలు కాబట్టి చివర్లో చావడం ఖాయం. హీరో పొడిచినప్పుడు జనమంతా ఈలలు వేస్తుంటే అవ్వ కొంగు నోట్లో కుక్కుకునేది. ఇంటికి రాగానే గుమ్మం బయటే ఆగి, "నీళ్ళు తోడండి" అని కేకేసేది. తల మీద నుంచి పోసుకుని, తడి చీరతోనే లోపలికి వచ్చేది. "సినిమా అవ్వా, నిజంగా చావలేదు" అని నేను నవ్వితే, "తెలుసు లేవే. మనింటోడు, కళ్ళ ముందర చచ్చినాడు. చూసి కూడా నీళ్ళు పోసుకోకుంటే ఎట్లా?" అనేది. చలికాలంలో ఆయన సినిమా విడుదలైతే అవ్వకు జ్వరం వచ్చేది. మేము నవ్వుకునేవాళ్ళం. దాయాది అనే మాటకు మా ఇంట్లో అంత బరువు ఉందని నాకు ఆ వయసులో తెలియలేదు.

ఇక నా ఆట. మందలో గొర్రె తప్పించుకుపోతుంటే వెనకకాలు దొరకబుచ్చుకుని ఆపాలి. మెడ పట్టుకుంటే ఈడ్చుకుపోతుంది, బొచ్చు పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. కాలి గిట్టకు కాస్త పైన పట్టి, ఒళ్ళు వెనక్కు వాల్చితే ఎంత పొటేలైనా ఆగుతుంది. నాకు నడక వచ్చినప్పటి నుంచి వచ్చిన పని అది. ఉదయగిరి హైస్కూల్లో కబడ్డీ ఆడుతుంటే, కూతకు వచ్చిన పిల్ల చీలమండ పట్టి నేను అదే పని చేశాను. ఆ పిల్ల గీత తాకలేక మట్టిలో బోర్లా పడింది. మా పి.ఇ.టి. సార్ పరుగెత్తుకుంటూ వచ్చి, "ఎవురు నేర్పించినారు పాపా నీకు?" అన్నాడు. "గొర్రెలు సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి నన్ను ఎడమ మూలన నిలబెట్టాడు. స్కూలు వదిలి ఆత్మకూరు కాలేజీ హాస్టల్లో చేరాక కూడా ఆ సారే నన్ను వదలకుండా వెంటపడి టోర్నమెంట్లకు తిప్పాడు. జలదంకిలో, సంగంలో, కావలిలో ఎక్కడ ఆడినా ఎడమ మూల నుంచి కూతపిల్లలు తిరిగి పోవడం తక్కువే.

మా ఇంట్లో నా ఆటకు అడ్డేమీ లేదు. మా నాయన అట్లాంటివాడు కాడని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను. నిక్కరు వేసుకుని ఆడుతున్నానని ఊళ్ళో ఎవరో మూతి విరిస్తే, "నీ కూతురు పైటేసుకుని పరిగెత్తి చూపించమను, చూద్దాం" అని నోరు మూయించాడు. నన్ను సైకిలు మీద బస్సు దాకా దింపిన మనిషి. అందుకే తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మొదటి నుంచీ అడ్డుపడే తండ్రి అయితే నేను ఎప్పుడో ఎదిరించడం నేర్చుకునేదాన్ని.

రాష్ట్ర జట్టుకు సెలెక్షన్లు నెల్లూరులో పెట్టారు. ఆ ఏడాదితో నాకు జూనియర్ల వయసు దాటిపోతుంది. సార్ ముందే చెప్పాడు. "నువ్వు రావాల, రెండు మూడు పట్లు పట్టి చూపించాల, అంతే. ఎడమ మూలకు ఈ జిల్లాలో నువ్వు తప్ప ఇంకొకరు లేరు. రాష్ట్రానికి ఆడితే పోలీసులోనో రైల్వేలోనో స్పోర్ట్స్ కోటా ఉండాది. నీ బతుకు నీ చేతిలో ఉండాది." నా చేతిలో అన్న మాట నాకు బాగా నచ్చింది. హాస్టలు నుంచి ఇంటికి వచ్చి, బ్యాగు సర్దుకుని కూర్చున్నాను.

అప్పుడు టీవీలో కింద ఎర్రగీత మీద వార్త పరిగెత్తింది. ప్రముఖ నటుడి తండ్రి హైదరాబాదులో కన్నుమూశాడని. మద్రాసులో కారు తోలిన మా చిన్నతాత. నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు. నాయన పెట్టెలోంచి ఒక చొక్కా తీసుకుని, ఎప్పటిదో ఒక ఫోను నంబరుకు నాలుగుసార్లు కొట్టి, ఎవరూ ఎత్తకపోతే అట్లాగే హైదరాబాదు బస్సెక్కాడు. అమ్మ వద్దనలేదు. చావుకు పోకుండా ఎట్లా ఆపుతుంది?

నాయన తిరిగి వచ్చేసరికి వీధంతా మా అరుగు దగ్గర పోగైంది. తల గుండు చేయించుకుని వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు, ఎవరు ఏం చెప్పినా గుచ్చిగుచ్చి అడగడం ఆయనకు సరదా. "ఏందిరా, టీవీలో అంతసేపు చూపించినారు. మంత్రులు కనపడినారు, హీరోలు కనపడినారు, నువ్వు యాడా కనపడలేదే?" అన్నాడు.

నాయన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "నేను పాడెకు వెనక భుజం పట్టినాను. కెమెరా ముందర పక్క ఉండాది. ఇంట్లో నుంచి వ్యానుదాకా మేము దాయాదులమే మోసినాము. తమ్ముడు నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. 'అన్నా, నాకు ఇంక నువ్వే పెద్ద దిక్కు' అన్నాడు."

వీధి అంతా ఉసూరుమంది. ఆ గుచ్చి అడిగే పెద్దాయన కూడా కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను నమ్మాను. ఎంత నమ్మానంటే, మజ్జిగ గ్లాసు సగంలో వదిలేసిన మనిషి మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపం కూడా కొంచెం కరిగింది. మా నాయన భుజానికి ఊళ్ళో ఒక విలువ వచ్చింది. ఆ సాయంత్రం నుంచే మా ఇంటికి మైల వచ్చింది.

మా వాళ్ళలో మైల అంటే పెద్దదినం దాకా పదకొండు రోజులు. కూరకు తాలింపు వేయరు. దేవుడి గూటికి గుడ్డ కడతారు. ఇంకొకరి గడప తొక్కరు, ఇంకొకరు మన ఇంట్లో మంచినీళ్ళు ముట్టరు. ఊరు దాటి శుభమైన పనికి పోరు. దూరపు దాయాదులైతే మూడు రోజులకు నీళ్ళు పోసుకుని ముగించేస్తారు. నాయన అట్లా కాదన్నాడు. "చిన్నాయన అంటే నాయనతో సమానం. పూర్తిగా పడతాము" అన్నాడు. అవ్వకు ఈ మాట తేనె పోసినట్టయింది. సినిమా చావుకే నీళ్ళు పోసుకునే మనిషి, నిజం చావుకు ఊరుకుంటుందా?

నా సెలెక్షన్లు ఆ పదకొండు రోజుల మధ్యలో పడ్డాయి.

ముందు నేను మామూలుగా అడిగాను. "నాయనా, రేపు కాక ఎల్లుండి నెల్లూరు పోవాల గదా." ఆయన తల ఎత్తకుండా, "ఈసారి వద్దులేమ్మా" అన్నాడు. ఏదో తిరునాళ్ళకు వద్దన్నట్టు అన్నాడు. ఈసారి కాక ఇంకోసారి లేదని చెప్పాను. వయసు సంగతి చెప్పాను, ఉద్యోగం సంగతి చెప్పాను. మైలలో ఉన్న పిల్ల పదిమందిని ముట్టుకుని ఆడకూడదన్నాడు. "మైలలో పోతే కాలో చెయ్యో ఇరుగుతాది" అని అవ్వ అందుకుంది. అమ్మ ఒక్కతే, "పోనీలే, పిలకాయ ఎంత ఆశ పెట్టుకోనుండాదో. నీళ్ళు పోసుకుని పోతాదిలే" అంది. నాయన అమ్మ వైపు చూసిన చూపుకు ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

మరునాడు మా సార్ మోటారు సైకిలు మీద వచ్చాడు. మైల ఇల్లు కాబట్టి ఆయన లోపలికి రాలేదు, నాయన రమ్మనలేదు. ఎండలో నిలబడే మాట్లాడుకున్నారు. సార్ బతిమాలాడు. తానే తీసుకుపోయి తానే తీసుకొస్తానన్నాడు. చివరికి విసుగెత్తి, "ఏమప్పా, నువ్వు ఈడ గుండు గీయించుకోని కూసోనుండావు. ఆడ ఆయన మూడో దినమే షూటింగుకు పోయినాడంట. పొద్దున్నుంచి టీవీలో అదే చూపిస్తా ఉండారు" అన్నాడు.

అది నిజమే. నేనూ చూశాను. తలకు టోపీ పెట్టుకుని, సెట్లో కుర్చీలో కూర్చుని, మైకుల ముందు మాట్లాడుతున్నాడు. నిర్మాతకు నష్టం రాకూడదని, నాన్నగారు నేర్పిన క్రమశిక్షణ ఇదేనని. యాంకరమ్మ గొంతు వణికించి, వృత్తినే దైవంగా భావించే మహానటుడంది. ఆయన పనికి పోతే క్రమశిక్షణ. నేను ఆటకు పోతే అపచారం. చచ్చింది ఆయన తండ్రి, మైల నాది.

నాయన సార్‌తో ఒకటే మాట అన్నాడు. "వాళ్ళది వృత్తి సార్. వాళ్ళకు చెల్లుతాది."

సార్ వెళ్ళిపోయాక నేను అరిచాను. నాయన మీద అరవడం అదే మొదలు. "నీ గొర్రెలకు లేదా మైల? దినాం తోలుకోని పోతా ఉండావు గదా కొండకు! ఊరి పొలిమేర దాటతా ఉండావు గదా!"

నాయన గొంతు పెంచలేదు. "గొర్రెలు మేత లేకుంటే చస్తాయి. నువ్వు ఆట లేకుంటే చావవు" అన్నాడు.

చావలేదు, నిజమే. ఆ సెలెక్షన్ల రోజు నెల్లూరు బస్సు మా ఊరి మలుపులో ఆగి, హారన్ కొట్టి, పోయింది. డ్రైవరుకు కూడా నేను పోవాల్సిన సంగతి తెలుసు. నేను తాలింపు లేని పప్పు ముందు కూర్చుని ఉన్నాను. ఎదురుగా గుమ్మంలో నాయన కూర్చున్నాడు. నేను పారిపోతానని ఆయనకు భయం. పారిపోయి ఉండాల్సింది. ఆ వయసులో నాకు గొర్రెను ఆపడం తెలుసుగానీ ఎవరైనా నన్ను ఆపితే విదిలించుకోవడం తెలియలేదు. నా చోట ఎడమ మూలకు జలదంకి వైపు పిల్ల ఎంపికైంది. కాలు ఎక్కడ పట్టాలో ఆ పిల్లకు టోర్నమెంట్లలో చూపించింది నేనే. మంచి పిల్ల, బాగా ఆడింది, రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ పండగలకు ఫోనులో పువ్వుల బొమ్మలు పంపుతుంది. దాని తప్పేమీ లేదు. అయినా ఆ బొమ్మలు తెరవకుండానే తీసేస్తాను.

ఆ ఏడాదితో వయసు దాటిపోయింది. డిగ్రీ తర్వాత వ్యాయామ విద్యలో చేరి టీచరునయ్యాను. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆత్మకూరులో కాపురం. బయటివాళ్ళకు ఇందులో ఏడవడానికి ఏముందో అర్థం కాదు. ఉద్యోగం ఉంది కదా అంటారు. ఆట ఆడటానికీ, ఆడేవాళ్ళ పక్కన నిలబడి విజిల్ ఊదడానికీ తేడా చెప్పినా వాళ్ళకు పట్టదు. నేను చెప్పడం మానేశాను.

పోయిన ఏడాది ఆత్మకూరులో ఒక నాయకుడు తన తండ్రి పేరు మీద ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెట్టించాడు. ముగింపు రోజు ముఖ్య అతిథిగా మా సినిమా చిన్నాయనను పిలిచారు. ఏదో సినిమాలో కబడ్డీ కోచ్ వేషం వేశాడట, అదీ అర్హత. మా స్కూలు జట్టు ఫైనలుకు వచ్చింది. ఈ సంగతి ఊరికి ఎట్లా చేరిందో గానీ, తెల్లవారేసరికి నాయన మా గుమ్మంలో ఉన్నాడు. కంట్లో పొర వచ్చి చూపు బాగా తగ్గింది. ఉతికిన పంచె, ఇస్త్రీ చొక్కా. "తమ్ముడు వస్తా ఉండాడంట గదా" అన్నాడు. ఆయన ముఖంలో వెలుగు చూసి నాకు ఒళ్ళు మండింది. అయినా తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాను.

మా పిల్లలు గెలిచారు. వేదిక మీద ఆయన మైకు అందుకున్నాడు. వయసు మీద పడినా గొంతు గొంతే. మా పిల్లలు కప్పు పట్టుకుని నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

"చూడండమ్మా," అన్నాడు. "నేను మీ నెల్లూరు మట్టి బిడ్డనే. మీకు ఒక్క మాట చెప్తాను. మా నాన్నగారు పోయిన మూడో రోజు నేను సెట్లో ఉన్నాను. కళ్ళలో నీళ్ళున్నాయి, కానీ కెమెరా ముందు నవ్వాను. ఆటైనా అంతే. ఇంట్లో పెళ్ళి కానీ, చావు కానీ, మైదానానికి రావడం మానకండి. ఎవరైనా ఆపితే, ఆపినవాళ్ళను దాటుకుని రండి. ఆపేవాళ్ళు మీ మంచి కోరేవాళ్ళు కాదు."

మైదానమంతా చప్పట్లు. అందరికంటే ముందు మొదలుపెట్టి, అందరికంటే చివర ఆపింది మా నాయన. నేను ఆయన చేతుల వైపే చూస్తున్నాను. ఆ మాట ఎవరిని కొట్టిందో ఆయనకు తెలియలేదా, తెలిసీ కొడుతున్నాడా? మా పిల్ల ఒకతె నా చెయ్యి గిల్లి, "మేడం, ఎంత బాగా చెప్పినాడు!" అంది. బాగా చెప్పాడు. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు మా ఇంటికొచ్చి చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

మా హెడ్ మేడం ఉత్సాహం ఆపుకోలేక నాయనను చెయ్యి పట్టి వేదిక మీదకు తీసుకెళ్ళింది. "సార్, ఈయన మీ అన్నయ్య వరసంట" అంది. ఆయన నవ్వాడు. ఎవరు దగ్గరికొచ్చినా నవ్వే నవ్వు అది. నాయన భుజం మీద చెయ్యి వేసి కెమెరా వైపు తిప్పి, "చాలా సంతోషం పెద్దాయనా, ఏ ఊరు మనది?" అన్నాడు. నాయన ఊరి పేరు చెప్పాడు. ఆయన తల ఊపి, తర్వాతి ఫోటో కోసం అప్పటికే పక్కకు తిరిగిపోయాడు. నాయన కొంచెంసేపు ఆ చెయ్యి ఉన్న భుజాన్ని అట్లాగే వంచుకుని నిలబడ్డాడు. కిందికి దిగేటప్పుడు మెట్టు కనపడక తూలితే నేనే పట్టుకున్నాను.

బస్టాండు దాకా నడుచుకుంటూ వచ్చాం. రోడ్డు దాటించాలని చెయ్యి పట్టుకున్నాను. నాయన ఉన్నట్టుండి, "తమ్ముడు చిక్కిపోయినాడు" అన్నాడు.

ఇన్నేళ్ళు మింగింది ఒక్కసారిగా పైకి వచ్చింది. "నాయనా, వాళ్ళ నాయన చస్తే నువ్వు గుండు గీయించుకున్నావు. నన్ను గుమ్మం దాటనీకుండా కూర్చోబెట్టినావు. రేపు నువ్వు చస్తే ఆయన తల కూడా తడుపుకోడు. ఏ ఊరు అని అడిగినాడు నిన్ను!"

"తెలుసులేమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు? ఇప్పుడు తెలిసిందా?"

"ఆ దినమే తెలుసు. గేటుకాడ."

లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. నాయన దుమ్ముకు కళ్ళు మూసుకుని, అట్లాగే చెప్పాడు. "వాచ్‌మన్ లోపలికి పోనియ్యలేదు. దాయాదినయ్యా అంటే, పొద్దున్నుంచి అందరూ అదే చెప్తా ఉండారు అన్నాడు. తమ్ముడు కారు దిగినాడు. నన్ను చూసినాడు. వాచ్‌మన్‌కు ఏందో చెప్పి లోపలికి పోయినాడు. పిలిపిస్తాడని నిలబడినాను. సాయంత్రానికి వాచ్‌మన్ వచ్చి అన్నం పొట్లం చేతిలో పెట్టినాడు."

"పాడె మోసినావు గదా! వెనక భుజం!"

"వ్యాను రోడ్డుమీద పోతా ఉంటే చూసినాను. పూలు కట్టి ఉండాది. అంతే."

గేటు దగ్గర ఎండలో నిలబడిన మనిషిని తలుచుకుని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. "అన్నీ తెలిసే వచ్చినావు. వాళ్ళు మనల్ని మనుషులుగా కూడా లెక్కపెట్టలేదని తెలిసే వచ్చినావు. మరి నన్నెందుకు ఆపినావు? ఎవరికోసం పట్టించినావు ఆ మైల?"

నాయన నా వైపు తిరిగాడు. ఆ కళ్ళకు నేను మసకగానే కనపడి ఉంటాను. చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు.

"ఊళ్ళో చెప్పేసుంటి గదమ్మా, పాడె మోసినానని. పాడె మోసినోడి బిడ్డ నాలుగు దినాలు తిరక్కముందే నిక్కరేసుకుని ఆటకు పోతే, ఎవురు నమ్ముతారు?"

ఇంత కాలం నేను ఒక ఆచారాన్ని తిట్టుకుంటూ బతికాను. అవ్వను తిట్టుకున్నాను. టీవీలో టోపీ పెట్టుకున్న ఆయన్ని తిట్టుకున్నాను. నా ఆటను మింగింది అవేవీ కావు. అరుగు మీద పదిమంది ముందు పరువు కోసం ఆడిన ఒక్క అబద్ధం. దాన్ని నిలబెట్టడానికి ఆయనకు నేను దొరికాను.

ఆయన చెయ్యి వదిలేశాను. రోడ్డు మధ్యలో కాదు, అంచునే. నాలుగడుగులు వెనక్కు వచ్చి నిలబడ్డాను. ఆయన చెయ్యి గాల్లో నన్ను వెతికింది. "అమ్మా" అన్నాడు.

బస్సు దిగిన ఎవరో ఒకాయన చూసి, జాలిపడి, "రా పెద్దాయనా, నేను దాటిస్తా" అని రెక్క పట్టుకున్నాడు. ఇద్దరూ బండ్ల మధ్య నుంచి మెల్లగా అవతలికి పోతున్నారు. హారన్ల మోతలో కూడా మా నాయన గొంతు నాకు వినపడుతూనే ఉంది.

"ఈ దినం వచ్చినాడే సినిమాయన, మా తమ్ముడే. వాళ్ళ నాయన పాడె నేనే మోసినాను."